రాయడం నేర్పలేరన్నది తప్పుడు మాట

రచన నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతోనే రావాలి. మన సాహిత్య సభల్లో ఈ మాట వినని వారుండరు. ఎవరి అబ్బాయో అమ్మాయో విదేశంలో సృజనాత్మక రచనలో ఎం.ఏ. చేస్తున్నారని తెలిస్తే చాలు, ఇది పైకి వస్తుంది. కవిత్వానికి డిగ్రీ ఏమిటి, కథకు సిలబస్ ఏమిటి అంటారు. వేదిక మీదివారు అంటారు, కిందివారు తల ఊపుతారు. ఇన్నేళ్లుగా అంటున్నారు కదా, రుజువేదని ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను. వాదం విని తీర్పు మీరే చెప్పండి.

ముందుగా వారి పక్షాన ఉన్న పెద్ద సాక్షిని పిలుద్దాం. బ్రిటిష్ నవలాకారుడు హనీఫ్ కురేషీ 2014లో బాత్ సాహిత్యోత్సవంలో ఈ కోర్సులు కాలం వృథా అన్నాడు. తన దగ్గర చేరేవారిలో ప్రతిభ ఉన్నవారు లేనట్టేనన్నాడు. అప్పటికి ఆయన కింగ్‌స్టన్ విశ్వవిద్యాలయంలో ఆ విషయమే బోధిస్తున్న ప్రొఫెసర్. చెప్పేవాడే ఒప్పుకున్నాక ఇంకేం కావాలని మనవారికి ఆ మాట వేదవాక్కయింది. కానీ ఆ మాట రుజువు చేసిందేమిటి? తన తరగతిలో ప్రతిభావంతులు తక్కువని. మరి భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ. తరగతిలో కూర్చున్నవారిలో ఎంతమంది సి.వి. రామన్‌లవుతారు? అంతమాత్రాన భౌతికశాస్త్రం నేర్పడం అసాధ్యమని ఎవరైనా తేల్చారా? ఒక తరగతిలో గొప్పవారు కొద్దిమందే తేలడం అన్ని చదువులకూ ఉన్నదే. దాన్ని ఒక్క రచన మీదే నేరంగా మోపడం ఏ న్యాయం?

ఇక్కడ రెండు వేర్వేరు మాటల్ని ఒకటిగా చుట్టేస్తున్నారు. ప్రతిభను ఎవరూ ఎవరికీ ఇవ్వలేరన్నది ఒకటి. రాయడం ఎవరూ ఎవరికీ నేర్పలేరన్నది రెండోది. మొదటిది నిజం, దాన్ని కాదన్న విశ్వవిద్యాలయం ఏదీ నాకు కనబడలేదు. రెండోది అబద్ధం. మొదటిదానికి దొరికిన చప్పట్లతో రెండోదాన్ని చెల్లుబాటు చేసుకుంటున్నారు. ఈ వాదం బలమంతా ఆ గందరగోళంలోనే ఉంది.

విచిత్రమేమిటంటే, దీన్ని మన సంప్రదాయం పేరు మీద చెబుతారు. పాశ్చాత్యులు దేన్నైనా కోర్సుగా మార్చేస్తారు, మనవాళ్లు మాత్రం కవిని జన్మసిద్ధుడన్నారు అంటారు. మన ఆలంకారికుల్లో ఒక్కరినైనా తెరిచి చూశారా? దండి కావ్యాదర్శంలో ప్రతిభతో పాటు శ్రుతాన్ని, అంటే చదువును, ఎడతెగని సాధనను కలిపి కావ్యసంపదకు కారణంగా చెప్పాడు. అక్కడితో ఆగలేదు. సహజప్రతిభ లేకపోయినా చదువుతో, శ్రమతో కొలిచినవారిని వాగ్దేవి ఎంతో కొంత అనుగ్రహించి తీరుతుందని భరోసా ఇచ్చాడు. పన్నెండు పదమూడు వందల ఏళ్ల కిందట దండి ఇచ్చిన ధైర్యాన్ని ఇవాళ మన విమర్శకుడు ఇరవై ఏళ్ల కుర్రవాడి దగ్గర నుంచి లాక్కుంటున్నాడు.

మమ్మటుడు ఇంకా తేటగా చెప్పాడు. శక్తి, నిపుణత, అభ్యాసం ఈ మూడూ విడివిడి కారణాలు కావు, మూడూ కలిస్తేనే ఒక కారణం అన్నాడు. ఆ అభ్యాసం కూడా తోచినట్టు చేసేది కాదు. కావ్యం తెలిసినవారి శిక్షణలో చేసేది. తెలిసినవారి దగ్గర కూర్చుని, రాసి, చూపించి, దిద్దించుకోవడం. వర్క్‌షాప్ అని ఇవాళ పిలుస్తున్నదానికి దీనికన్నా చక్కని నిర్వచనం ఏ విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్‌లో ఉంది?

ఇక క్షేమేంద్రుడు. పదకొండో శతాబ్దపు కాశ్మీరీయుడు. ఆయన కవికంఠాభరణం అచ్చంగా కవిశిక్షా గ్రంథం. శిష్యుల్ని మూడు రకాలుగా విడదీశాడు. కొద్ది ప్రయత్నంతో దారికొచ్చేవారు, కష్టపడితే వచ్చేవారు, ఎంత చేసినా రానివారు. ఆ మూడో వర్గం ఉందని ఆయనకూ తెలుసు. కురేషీకి తొమ్మిది వందల ఏళ్ల ముందే తెలుసు. అది తెలిసీ గ్రంథం రాయడం మానలేదు, మొదటి రెండు వర్గాల కోసం రాశాడు. ముందు అర్థం పట్టించుకోకుండా ఛందస్సు చేతికి ఎక్కించుకోమన్నాడు. కాళిదాసు శ్లోకాన్ని ముందు పెట్టుకుని మాటలు మార్చి కూర్చమన్నాడు. లోకాన్ని, జనాన్ని, వారి వేషభాషల్ని గమనించమన్నాడు. ఈ అభ్యాసాల్ని ఇవాళ ఏ ఎంఎఫ్ఏ (సృజనాత్మక రచన డిగ్రీ) తరగతిలో ఇచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు. కవిశిక్ష అనే విభాగమే ఉన్న అలంకారశాస్త్రానికి వారసులమై, రచన నేర్పడం పరాయి ఆలోచన అనడం మన పుస్తకాల్ని మనమే చదవకపోవడం వల్ల వచ్చిన తెంపరితనం.

మరి కవి పుడతాడే కాని తయారుకాడన్న మాట ఎక్కడిది? అది లాటిన్ సామెత. దానికి పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల యూరప్ కాల్పనికోద్యమం కొత్త ఊపిరి పోసింది. ఏకాంతంలో కూర్చున్న మహానుభావుడి మీద ప్రేరణ దిగివస్తుందన్న ఊహ అప్పటిది. ఇంగ్లిషు చదువుల దారిలోనే మన దగ్గరకు చేరింది. ఏ చదువును వీరు పరాయిదని తోసేస్తున్నారో, ఆ చదువు నుంచి తీసుకున్న ఆయుధంతోనే తోసేస్తున్నారు.

సిద్ధాంతం చాలదంటారా? మన చరిత్రలోకే వద్దాం. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి బందరు హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఆ తరగతుల్లోంచి విశ్వనాథ సత్యనారాయణ వచ్చాడు. పింగళి, కాటూరి వచ్చారు. ఒక ఊళ్లో, ఒక గురువు చుట్టూ ఇంతమంది పుట్టుకవులు యాదృచ్ఛికంగా గుమికూడారని నమ్మమంటారా? విశ్వనాథ అహంకారం లోకప్రసిద్ధం. ఆ విశ్వనాథే తన గురువును తలచుకోకుండా ఉండలేకపోయాడు. అంతటివాడు ఒప్పుకున్న రుణాన్ని కాదనడానికి మనమెవరం?

గురజాడను చూడండి. కాలేజీ చదువుల్లో ఇంగ్లిషు సాహిత్యం పట్టుబడినవాడు. మొదట ఇంగ్లిషులోనే సారంగధర కావ్యం రాశాడు. కలకత్తాలో రీస్ అండ్ రయ్యత్ పత్రిక నడిపిన శంభుచంద్ర ముఖర్జీ దాన్ని మెచ్చుకుని ప్రచురించి, నీ సొంత భాషలో రాయమని సలహా ఇచ్చాడు. ఆ సలహా విలువ తెలుగువారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. కన్యాశుల్కం 1897లో ఒక రూపంలో అచ్చయింది, 1909లో మరో రూపంలో. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివినవారెవరైనా, ఆ నాటకం ఒక ఊపులో ఆకాశం నుంచి ఊడిపడిందని చెప్పగలరా? పాత్రల్ని పెంచి, సంభాషణల్ని తిరగరాసి, నాటకాన్ని రెట్టింపు చేసిన చెయ్యి అది. ఆ రెండు ప్రతుల మధ్య జరిగిన పనే తరగతిలో నేర్పేది.

షేక్‌స్పియర్ ఏ ఎం.ఏ. చదివాడని అడుగుతారు, అదే ఆఖరి దెబ్బ అన్నట్టుగా. షేక్‌స్పియర్ కాలపు గ్రామర్ స్కూళ్లలో జరిగిందేమిటో కనుక్కున్నారా? లాటిన్ పాఠాన్ని ఇంగ్లిషులోకి మార్చి, మళ్లీ లాటిన్‌లోకి మార్చడం. పాత కవుల్ని అనుకరించి రాయడం. పురాణపాత్ర నోటితో ఉపన్యాసం కూర్చడం. ఏళ్ల తరబడి ఇదే పని. ఆ తర్వాత నాటక సమాజం. అక్కడ రాసింది నటులు పలికి చూస్తారు, తేలిపోతే మర్నాడే తెలిసిపోతుంది. చివరి దశలో జాన్ ఫ్లెచర్‌తో కలిసి నాటకాలు రాశాడు. అంత గట్టి శిక్షణ ఇవాళ ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు. గొప్ప రచయితలు నేర్చుకోకుండా రాశారని కాదు, వారు నేర్చుకున్న చోట్లు ఇవాళ లేవని చెప్పాలి. రాజాస్థానం లేదు. గురుకులం లేదు. వచ్చిన కథను ఎర్రసిరాతో దిద్ది, ఉత్తరం రాసి తిప్పి పంపే సంపాదకులు అరుదైపోయారు. పొద్దున రాసిన కవితకు మధ్యాహ్నానికి ఫోనులో వంద మెచ్చుకోళ్లు వస్తాయి, ఒక్క దిద్దుబాటు రాదు. ఈ స్థితిలో విశ్వవిద్యాలయం ఆ పని ఎత్తుకుంటానంటే, దాని చెయ్యి పట్టుకుని ఆపుతారా?

ఎత్తుకున్నచోట ఏం జరిగిందో చూద్దాం. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం 1922లోనే సృజనాత్మక రచనను పై డిగ్రీకి థీసిస్‌గా అంగీకరిస్తామని ప్రకటించింది. 1936లో రైటర్స్ వర్క్‌షాప్ మొదలైంది. 1945లో జార్జియా నుంచి ఒక అమ్మాయి జర్నలిజం చదవడానికి అక్కడికి వచ్చింది. వర్క్‌షాప్ నడుపుతున్న పాల్ ఎంగిల్ గదికి వెళ్లి ఏదో చెప్పింది. ఆ దక్షిణాది యాస ఆయనకు అర్థం కాలేదు, కాగితం మీద రాసి ఇమ్మన్నాడు. తాను జర్నలిస్టును కానని, వర్క్‌షాప్‌లో చేర్చుకుంటారా అని రాసిచ్చింది. ఆమె ఫ్లానరీ ఓకానర్. 1947లో కథల సంపుటినే థీసిస్‌గా సమర్పించి డిగ్రీ తీసుకుంది. అందులోని మొదటి కథ జెరేనియంను ఆమె వదల్లేదు. 1964లో చనిపోయే ముందు, జబ్బుతో ఉండి కూడా, దాన్నే మళ్లీ రాసి జడ్జ్‌మెంట్ డేగా మార్చింది. రాసినదాన్ని తిరిగి చూడడం, తృప్తిపడకపోవడం, మళ్లీ మొదలుపెట్టడం. ఆమెకు ప్రతిభ అయోవా ఇచ్చిందని ఎవరూ అనరు. ప్రతిభతో పని చేయించే క్రమశిక్షణకు అక్కడ చోటు దొరికింది. దాన్ని కాదనేవారు ఆమె థీసిస్‌ను ఏం చేస్తారు?

ఆ తరగతిలో ఏం జరుగుతుందో తెలియకుండానే చాలామంది దాన్ని కొట్టిపారేస్తారు. ప్రేరణ పొందడం ఎలా అన్న పాఠం అక్కడ ఉండదు. పది పన్నెండు మంది కూర్చుంటారు. ఒకరి కథ ముందే అందరికీ అంది ఉంటుంది. చదివి, గుర్తులు పెట్టుకుని వస్తారు. పాత పద్ధతిలోనైతే రాసినవారు నోరు విప్పకూడదు. మూడో పేజీలో తల్లి ఎందుకు కోప్పడిందో అర్థం కాలేదని ఒకరంటారు. రచయిత మనసులో ఆ కారణం స్పష్టంగా ఉంది, కాగితం మీద లేదు. ఆ క్షణంలో జరిగేదే చదువు. తాను అనుకున్నదీ, ఎదుటివారికి అందిందీ వేరని తెలియడం. ఈ ఎరుక ఏకాంతంలో రాదు. తన వాక్యాన్ని తానే పరాయి కళ్లతో చదవగలగడం పుట్టుకతో వచ్చే శక్తి కాదు. అది అలవాటు చేసుకోవలసిన విద్య. పక్కవారి కథలో లోపం పట్టుకోవడం ముందు వస్తుంది, తన కథలో పట్టుకోవడం చాలాకాలానికి వస్తుంది. తరగతి ఆ కాలాన్ని తగ్గిస్తుంది. దీన్ని బూటకం అనేవారు తమ పుస్తకానికి అచ్చుకు ముందు ఎందరు చదువరుల్ని సంపాదించుకున్నారో చెప్పగలరా?

ఇంగ్లండులో 1970లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయంలో మాల్కం బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్ ఈ చదువు మొదలుపెట్టారు. మొదటి ఏడాది విద్యార్థి ఇయన్ మెక్‌యువాన్ ఒక్కడే. గమనించవలసిందేమిటంటే, అతను చదివింది ప్రధానంగా సాహిత్యమే. కథలు రాసి సమర్పించడం అందులో ఒక భాగం. చదవడాన్నీ రాయడాన్నీ ఒకే చోట ఉంచినందువల్ల ఆ చదువు నిలబడింది. 1979లో కజువో ఇషిగురో అక్కడికే వెళ్లాడు. 2017 నోబెల్ ఉపన్యాసంలో ఆ ఏడాది గురించి ఆయనే చెప్పాడు. జపాన్ నేపథ్యంగా కథ రాయడానికి జంకాడు. సందేహిస్తూనే తోటి విద్యార్థులకు చూపించాడు. వారిచ్చిన ప్రోత్సాహం లేకుంటే మళ్లీ జపాన్ జోలికి పోయేవాణ్ని కాదేమోనన్నాడు. ఆ దారిలోనే ఆయన మొదటి నవల 1982లో వచ్చింది. పుట్టుకతోనే అన్నీ వస్తాయనేవారు ఈ సాక్ష్యాన్ని ఎక్కడ పెడతారు? తరగతి తన భయం పోగొట్టిందని నోబెల్ గ్రహీతే చెబుతుంటే, కాదు, నీకే తెలియదు అంటారా?

ఇప్పుడు వారి రెండో ఆరోపణ. ఈ కోర్సుల్లోంచి వచ్చినవారంతా ఒకేలా రాస్తారట. అయ్యా, ముందు ఒక మాట తేల్చండి. ఈ చదువు ఏమీ నేర్పలేదన్నారు. ఇప్పుడు అందరి చేతా ఒకేలా రాయిస్తోందంటున్నారు. ఏమీ నేర్పలేని చదువు ఇంతమంది శైలిని ఎలా మార్చేసింది? ఏదో ఒక ఆరోపణ ఉంచుకోండి, రెండూ మీకు చెల్లవు. ఇక వాస్తవమంటారా, ఓకానర్‌నూ సాండ్రా సిస్నెరోస్‌నూ చదవండి. ఇద్దరూ అయోవా విద్యార్థులే. మెక్‌యువాన్‌నూ ఇషిగురోనూ ఆన్ ఎన్‌రైట్‌నూ చదవండి. ముగ్గురూ ఈస్ట్ ఆంగ్లియా వారే. ఆ పోలిక ఎక్కడుందో వాక్యం చూపించి చెప్పండి.

ఈ చదువులో లోపాలు లేవని నేనడం లేదు. అసలైన లోపాలు లోపలివారే చెప్పారు, బయటివారికన్నా ఎంతో పదునుగా. సిస్నెరోస్ అయోవాలో తనను పరాయిదానిగా భావించుకుంది. తన చుట్టూ ఉన్నవారి ఇళ్లూ తన ఇల్లూ ఒకటి కాదని అక్కడే తెలుసుకుని, ఆ తేడాలోంచే ద హౌస్ ఆన్ మాంగో స్ట్రీట్ రాసింది. జూనో డియాజ్ 2014లో తాను చదివిన ఎంఎఫ్ఏ తరగతిలో తెల్లవారి లోకమే లోకమన్నట్టు నడిచిందని ఘాటుగా రాశాడు. మాథ్యూ సాలెసెస్ 2021లో ఒక పుస్తకమే రాశాడు. శిల్పం పేరుతో ఒక సంస్కృతి అలవాట్లనే అందరికీ నియమాలుగా రుద్దుతున్నారన్నాడు, రచయిత నోరు మూసే పద్ధతిని ప్రశ్నించాడు. ఇవి గౌరవించవలసిన విమర్శలు. కానీ వీరెవరూ నేర్పడం మానెయ్యమనలేదు, బాగా నేర్పమన్నారు. మనవారి మాటకూ ఈ మాటకూ ఎక్కడా పొత్తు లేదు.

ఇంతకూ మనకు ఈ అపోహ ఇంత గట్టిగా ఎందుకు పట్టింది? మన ఇంగ్లిషు ఎం.ఏ. వల్ల. అది మనకు చూపించిన చదువులో రాయడమనేదే లేదు గనక, చదువుకూ రాయడానికీ సంబంధం లేదని అనుకున్నాం. దీని మూలం చాలా వెనకుంది. గౌరీ విశ్వనాథన్ 1989లో మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్‌లో చూపించిన విషయం ప్రతి ఇంగ్లిషు విద్యార్థీ తెలుసుకోవాలి. ఇంగ్లిషు సాహిత్యం ఒక పాఠ్యవిషయంగా స్థిరపడింది ముందు ఇంగ్లండులో కాదు, వలస భారతదేశంలో. ఇక్కడ ఇంగ్లిషు చదువుకు బాట వేసిన మెకాలే మినిట్ 1835 నాటిది. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ స్కూలు 1894లో వచ్చింది, కేంబ్రిడ్జి ఇంగ్లిషును ప్రత్యేక పరీక్షగా 1917లో పెట్టింది. పాలితుల్లో నడవడిక, విధేయత పెంచడానికి ఉద్దేశించిన సిలబస్‌లో పాలితుడు కలం పట్టి సొంతంగా రాయడమనే ఊహకు చోటెలా ఉంటుంది? చదవాలి, మెచ్చుకోవాలి, పరీక్షలో మెప్పు తిరిగి అప్పజెప్పాలి.

ఆ పాలన పోయింది, ఆ పరీక్ష మాత్రం చాలాచోట్ల మిగిలింది. ఛాసర్ నుంచి ఇరవయ్యో శతాబ్దం దాకా వరుసగా పేపర్లు. ప్రతి పేపరుకూ బజార్లో గైడు. మిల్టన్ ఘనశైలిని చర్చించుము అన్న ప్రశ్నకు మిల్టన్‌ను తెరవకుండానే జవాబు రాయవచ్చు. రెండేళ్లు సాహిత్యం చదివిన విద్యార్థి సొంతంగా ఒక పేరా రాయకుండా, ఒక తెలుగు కథను ఇంగ్లిషులోకి తేకుండా, ఒక పద్యాన్ని దాని పాదాల నడకతో వినకుండా పట్టా పుచ్చుకోగలడు. ఇంట్లోవారు అతన్నుంచి ఆశించేది ఇంగ్లిషులో గడగడా మాట్లాడటం. అతని లక్ష్యం నెట్ పరీక్ష, లెక్చరర్ ఉద్యోగం. ఆ ఆశల్ని నేను తప్పుపట్టను, పూట గడవాలి. కానీ చదువు ఇంతేనని తేల్చేసిన విభాగాల్ని తప్పుపడతాను. రాసి చూసినవాడు చదివినట్టు, రాయనివాడు చదవలేడు. ఒక్కసారి పద్నాలుగు పాదాల సానెట్ కూర్చడానికి తంటాలు పడ్డ విద్యార్థికి షేక్‌స్పియర్ ఆఖరి రెండు పాదాల్లో ఏం చేశాడో గైడు చెప్పనక్కర్లేదు. నాటకంలో ఒక రంగం రాయబోయి పాత్రను గదిలోంచి బయటికి పంపలేక నిలిచిపోయినవారికి చెహోవ్ నేర్పు వెంటనే కళ్లకు కడుతుంది. సృజనాత్మక రచన ఎం.ఏ.కు అదనపు హంగు కాదు. సాహిత్యాన్ని లోపలి నుంచి చదివే పద్ధతి అది.

ఇంగ్లిషు చదివినవారు తెలుగుకు ఏమిస్తారని అడిగేవారున్నారు. బుచ్చిబాబు ఇంగ్లిషు సాహిత్యం చదివి, కాలేజీలో ఇంగ్లిషు చెప్పినవాడు. చివరకు మిగిలేది నవల తెలుగులో రాశాడు. కథకుడు త్రిపుర బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిషు ఎం.ఏ. చేసి, ఎక్కడో అగర్తలాలో ఇంగ్లిషు బోధిస్తూ, గుప్పెడు తెలుగు కథలతో తర్వాతి తరాన్ని కుదిపేశాడు. వారి వాక్యానికి ఆ చదువుతో సంబంధం లేదని ఎవరంటారు? తరగతి నేర్పకపోయినా వారు సొంతంగా లాక్కున్నారు. అలా లాక్కోలేకపోయినవారి సంగతేమిటి? ఇలా అన్నందుకు పాలగుమ్మి పద్మరాజు పేరు చెబుతారు. రసాయనశాస్త్రం చెప్పినాయన గాలివాన రాసి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చాడు కదా అంటారు. తెచ్చాడు. డిగ్రీ లేకుండా రాయవచ్చన్నదానికి అది రుజువు, దాన్ని ఎవరు కాదన్నారు? నేర్పడం వల్ల ప్రయోజనం లేదన్నదానికి అది రుజువెలా అవుతుంది?

డబ్బు సంగతి దాచను. ఈ చదువు మీద న్యాయంగా వేయగల ప్రశ్న ఏదైనా ఉంటే అది ఫీజు గురించే. ప్రతిభ లేదని తెలిసీ ఫీజు కోసం చేర్చుకునే కోర్సులుంటే వాటిని నిలదీయండి, నేనూ మీతో వస్తాను. బ్రిటన్‌లో ఒక్క ఏడాది ఎం.ఏ. కోసం, అమెరికాలో రెండేళ్ల ఎంఎఫ్ఏ కోసం ఇల్లు తాకట్టు పెట్టి అప్పు చేయబోయే తెలుగు కుటుంబాలకు సూటిగా చెప్పాలి. ఇది ఉద్యోగం ఇచ్చే డిగ్రీ కాదు. అప్పు తీర్చే డిగ్రీ అంతకన్నా కాదు. అయితే అన్నిచోట్లా అప్పే గతి అనుకోవడం కూడా తెలియకపోవడమే. టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లోని మిచెనర్ సెంటర్ వంటివి తాము చేర్చుకున్న ప్రతి విద్యార్థికీ పూర్తి ఖర్చు భరిస్తాయి. దరఖాస్తు పెట్టేవారు ముందు చూడవలసింది విశ్వవిద్యాలయం పేరు కాదు, ఎవరు నేర్పుతున్నారు, ఎందరికి, ఎవరి డబ్బుతో అన్నది. పుట్టుకవుల గురించి సభల్లో మాట్లాడే పెద్దలు ఈ మూడు ప్రశ్నలు పిల్లలకు నేర్పి ఉంటే ఎంత మేలు జరిగేది!

చివరికి వీరు చేరే మజిలీ ఒకటుంది. ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా పైకి వస్తాడు, ఎవరూ చెయ్యి పట్టుకోనక్కర్లేదు అంటారు. వినడానికి ధీమాగా ఉంటుంది. కానీ ఆధారం ఏది? వచ్చినవారిని చూపించి, అందరూ వస్తారంటున్నారు. రానివారిని ఎవరు లెక్కపెట్టారు? అమెరికన్ కథకుడు రేమండ్ కార్వర్ రంపపు మిల్లు కూలీ కొడుకు. పందొమ్మిదేళ్లకు పెళ్లి, ఇరవై ఏళ్లకు ఇద్దరు పిల్లలు. కాలిఫోర్నియాలోని చికో స్టేట్ కాలేజీలో చేరి, 1959లో జాన్ గార్డ్‌నర్ రచన తరగతిలో కూర్చున్నాడు. గార్డ్‌నర్ అప్పటికి ఒక్క నవలా అచ్చు కాని యువ అధ్యాపకుడు. ఈ కుర్రవాడి కథల్ని వాక్యం వాక్యం పట్టుకుని దిద్దాడు. అక్కర్లేని మాటలు కొట్టేశాడు, ఏది కొట్టకూడదో ఎందుకు కొట్టకూడదో వాదించాడు. రాసుకోవడానికి ఇంట్లో చోటు లేదని గ్రహించి, సెలవు రోజుల్లో వాడుకొమ్మని తన ఆఫీసు గది తాళంచెవి ఇచ్చాడు. ఆ రుణాన్ని కార్వర్ జీవితాంతం చెప్పుకున్నాడు, గార్డ్‌నర్ పోయాక ఆయన పుస్తకానికి ముందుమాట రాస్తూ వివరంగా చెప్పాడు. గార్డ్‌నర్ ఆ ఏడాది చికోలో కాక మరెక్కడో ఉద్యోగం చేస్తూ ఉన్నా కార్వర్ ఎలాగైనా వచ్చేవాడని చెప్పడానికి వీరి దగ్గర ఏ ఆధారం ఉందో చూపించమనండి.